ఎగిరే తూటాకు ఫోటో

పిల్లలూ! ఈ నెల మీకు ఒక తగువు సంగతి చెబుతాను. తగువు చిన్నదే. కాని అది తీరేలోగా మేము కోనసీమలో అరుగు మీద కూచునే ఐరోపా దాకా వెళ్లి రావలసి వచ్చింది.

మొన్న సంక్రాంతికి మనమలూ, మనమరాలూ మా ఊరు వచ్చారు. మాది కొత్తపేట దగ్గర ఒక పల్లె. కనుమనాడు అందరం కలిసి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. తిరిగి వచ్చేటప్పుడు బుజ్జీ, చంటీ టపాకాయలు కొనుక్కున్నారు. చీకటి పడేవేళకు బుజ్జి ఏం చేశాడనుకున్నారు? పెరట్లో ఒక బాంబు పెట్టి, దాని మీద కొబ్బరిచిప్ప బోర్లించి, వత్తి అంటించాడు. (ఇలా మీరెవ్వరూ చెయ్యకండి. ఎందుకో చివరకు తెలుస్తుంది.)

ఢామ్మన్నది! మా చెవులు గింగురుమన్నాయి. ఆ వెంటనే పక్కింటి మాస్టారి కిటికీ అద్దం భళ్లున పగిలింది.

మాస్టారు బయటికి వచ్చి, "ఎవరర్రా రాయి విసిరిందీ?" అన్నారు.

"ఇంకెవరు, బుజ్జే అయ్యుంటాడండీ! పొద్దున్న జామచెట్టు మీదికి రాళ్లు విసిరింది వాడే," అన్నాడు చంటి.

"నేను విసరలేదు! బాంబు అదురుకే పగిలింది," అన్నాడు బుజ్జి. వాడికి అప్పటికే కళ్లనీళ్లు తిరిగాయి.

"అదురుకే పగిలేట్టయితే మన ఇంటి అద్దాలు పగల్లేదేం?" అన్నాడు చంటి.

మా అబ్బాయి వచ్చి బుజ్జి చెవి పట్టుకోబోయాడు. నేను ఆపి, "రాయి విసరటం ఎవరైనా చూశారా?" అని అడిగాను. ఎవరూ చూడలేదు. "పోనీ, చప్పుడు వెళ్లి అద్దాన్ని కొట్టటం ఎవరైనా చూశారా?" అన్నాను. చిట్టి పకపకా నవ్వి, "చప్పుడు ఎలా కనిపిస్తుంది తాతయ్యా!" అన్నది.

"అదీ నిజవేనండి. చీకట్లో ఏం తేలుతుంది? తెల్లారాక చూద్దాం," అన్నారు మాస్టారు. పెంకులు ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి ఆయన లోపలికి వెళ్లారు. భోజనాలయ్యాక పిల్లలు అరుగు మీద నా చుట్టూ చేరారు. బుజ్జీ చంటీ చెరో మూలా కూచున్నారు.

"చిట్టీ, చప్పుడు కనిపించదన్నావు కదూ? దానికి ఫోటో తీసినవాళ్లున్నారు. అది కూడా ఇలాంటి తగువులోంచే పుట్టింది," అని నేను మొదలుపెట్టాను.

1870లో ఫ్రాన్సుకూ, ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. ప్రష్యా అంటే జర్మనీలో పెద్ద రాజ్యం. యుద్ధంలో గాయపడినవాళ్లను చూసి వైద్యులు నివ్వెరపోయారు. తూటా చూస్తే చిటికెనవేలంత. గాయం చూస్తే గొయ్యిలా ఉన్నది! "మీరు పేలే తూటాలు వాడుతున్నారు," అని ఫ్రెంచివాళ్లు ప్రష్యావాళ్లను నిందించారు. "వాడేది మీరే," అని వాళ్లు వీళ్లను నిందించారు. ఇది మామూలు నింద కాదు. ఒంట్లో దిగి పేలే తూటాలను మనుషుల మీద ప్రయోగించబోమని రెండు దేశాలూ 1868లో సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో ఒప్పుకున్నాయి. కనక ఆ నింద నిజమైతే మాట తప్పినట్టే.

బెల్జియంలో మెల్‌సెన్స్ అనే శాస్త్రజ్ఞుడున్నాడు. ఆయన, "ఎవరూ మాట తప్పలేదేమో! తూటా వేగంగా పోయేటప్పుడు తన ముందున్న గాలిని అదిమి, మూటలాగా వెంట తీసుకుపోతుంది. ఆ గాలిమూట ఒంట్లో దూరి అంత గాయం చేస్తున్నది," అన్నాడు. వినటానికి బాగానే ఉన్నది. కాని గాలిమూటను చూసినవాడెవడు?

1881లో ఎర్న్‌స్ట్ మాక్ అనే ఆయన పారిస్ వెళ్లి మెల్‌సెన్స్ ఉపన్యాసం విన్నాడు. మాక్ ప్రాగ్ నగరంలో భౌతికశాస్త్రం చెప్పే ఆచార్యుడు. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఎగిరే తూటాకు ఫోటో తీసి చూడాలనుకున్నాడు.

"అదెంత పని తాతయ్యా?" అన్నాడు చంటి.

"అందులో రెండు చిక్కులున్నాయిరా. మొదటి చిక్కు, తూటా వేగం. సెకండుకు 500 మీటర్లు పోయే తూటా ఉన్నదనుకో. సెకండులో పదోవంతు గడిచేసరికి అది 50 మీటర్లు వెళ్లిపోతుంది. నువ్వు ఒక్కసారి రెప్ప కొట్టేలోగా మన తోటలో ఆరు కొబ్బరిచెట్లు దాటేస్తుందన్నమాట! దాని బొమ్మ ఆలుక్కుపోకుండా పడాలంటే ఫోటో ఎంతసేపట్లో తియ్యాలో చెప్పు. సెకండులో వెయ్యోవంతు సేపు తీసినా అది అరమీటరు జరిగిపోతుంది. అదే పదిలక్షలోవంతు అయితే అరమిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది."

"అంత తొందరగా తెరిచి మూసే కెమెరా అప్పట్లో ఉండేదా?"

"లేదు. అందుకని ఆయన కెమెరాను తొందరపెట్టలేదు, వెలుగును తొందరపెట్టాడు. తుఫాను రాత్రి మెరుపు మెరిసినప్పుడు మన కొబ్బరిచెట్లను చూశారా? గాలికి మట్టలు అల్లల్లాడుతుంటాయి. కాని మెరుపు వెలుగులో బొమ్మ గీసినట్టు నిలబడి కనిపిస్తాయి. ఆ వెలుగు ఉన్న కాసింత సేపట్లో మట్ట కదిలేదెంత? మాక్ చేసిందీ అదే. గది చీకటి చేసి, కెమెరా తెరిచే ఉంచి, చిన్న మెరుపు మెరిపించాడు. లెడెన్ జాడీ అని విద్యుత్తు నిలవచేసే గాజుపాత్ర ఒకటున్నది. ఆ విద్యుత్తు పోయే దారి రెండుచోట్ల తెగి ఉండేట్టు తీగలు అమర్చారు. మొదటి చోటు తూటా దారిలోనే. తూటా వచ్చి తీగలను తాకగానే దారి కుదిరి, రెండో చోట టప్పున నిప్పురవ్వ లేస్తుంది. ఆ వెలుగులో ఫోటో పడుతుంది. అంటే తన ఫోటో తూటా తానే తీసుకున్నదన్నమాట!"

పిల్లలు నవ్వారు. బుజ్జి మూలలోంచి కాస్త దగ్గరికి జరిగాడు.

"ఇక రెండో చిక్కు. తూటా కనిపించింది సరే, గాలి ఎలా కనిపిస్తుంది? గాలి గాజు కన్నా స్వచ్ఛం కదా! కాని, కట్టెలపొయ్యి మంట పైనుంచి అవతలి గోడను చూస్తే ఏమవుతుంది?"

"గోడ వణికినట్టుంటుంది," అన్నది చిట్టి.

"వణికేది గోడ కాదు, వెలుగు. వేడిగాలి పలచగా ఉంటుంది, చల్లగాలి చిక్కగా ఉంటుంది. పలచని గాలిలోంచి చిక్కని గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు కొంచెం వంగుతుంది. జర్మనీలో టోప్లర్ అనే ఆయన 1864 ప్రాంతంలో దీన్ని పట్టుకునే ఉపాయం కనిపెట్టాడు. కటకంతో వెలుగును ఒక్కచోటికి చేర్చి, సరిగ్గా అక్కడ చాకుఅంచు అడ్డం పెట్టాడు. తిన్నగా వచ్చిన వెలుగులో కొంత అంచు పక్కనుంచి దాటిపోతుంది. గాలిలో ఎక్కడన్నా వంగిన వెలుగు అంచు కిందికి పోయి ఆగిపోతుంది, లేదా అంచు పైకి పోయి ఎక్కువగా దాటుతుంది. అందుచేత గాలి చిక్కబడినచోట ఫోటోలో నల్లగానో, తెల్లగానో గీతలు పడతాయి. మాక్ ఈ ఉపాయాన్నీ, నిప్పురవ్వనూ కలిపాడు."

"అప్పుడు గాలిమూట కనిపించిందా?" అని చంటి అడిగాడు.

"ఏమీ కనిపించలేదు! ప్రాగ్‌లో తీసిన మొదటి ఫోటోల్లో తూటా చక్కగా పడింది. దాని చుట్టూ గాలి మాత్రం మామూలుగానే ఉన్నది."

"పాపం, ఓడిపోయాడు!" అన్నది చిట్టి.

"ఓడిపోలేదమ్మా. కనిపించకపోవటం కూడా ఒక జవాబే. ఆయన పిస్తోలు తూటా సెకండుకు సుమారు 240 మీటర్లు పోయేది. చప్పుడు గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. తూటా చప్పుడు కన్నా వెనకబడి ఉన్నది. అందుకే ఏమీ లేదేమోననీ, చప్పుడును మించిపోయే తూటా కావాలనీ ఆయన అనుకున్నాడు. ఫియూమ్ అనే రేవుపట్టణంలో నౌకాదళ విద్యాలయం ఉండేది. ఆ ఊరిని ఇప్పుడు రియేకా అంటారు, క్రొయేషియా దేశంలో ఉన్నది. అక్కడ పనిచేసే పీటర్ సాల్చర్‌కు మాక్ ఉత్తరం రాశాడు. సాల్చర్, షాండోర్ రీగ్లర్ అనే మరో ఆచార్యుడితో కలిసి, వేగం గల తుపాకులతో 1886లో ప్రయోగాలు చేశాడు. ఫలితాలను మాక్, సాల్చర్ కలిసి 1887లో వియన్నాలో ప్రకటించారు. ఆ ఫోటోలు చాలా చిన్నవి. భూతద్దం పెట్టి చూడాలి. కాని వాటిలో ఏమున్నదో తెలుసా? తూటా ముక్కు ముందు వంకర తిరిగిన గీత. అది రెండువైపులా వెనక్కు వాలిపోయి ఉన్నది. తూటా వెనక కొస నుంచి కూడా అలాగే రెండు ఏటవాలు గీతలు. వాటి మధ్య, తూటా పోయిన దారిలో సుడులు!"

చిట్టి చప్పట్లు కొట్టి, "గోదావరిలో మరపడవలాగా!" అన్నది.

సరిగ్గా అంతే, పిల్లలూ! మరపడవ రేవు దాటుతుంటే ముందు నీరు పొంగుతుంది. ఆ పొంగు రెండువైపులా ఏటవాలుగా గట్టు దాకా వస్తుంది. పడవ వెనక సుడులు తిరుగుతాయి. ఈ పోలిక అన్నివిధాలా సరిపోదు. నీటి అలల లెక్క గాలి అలల లెక్క కన్నా చిక్కైనది. కాని మనసులో బొమ్మ కట్టుకోవటానికి ఇది చాలు.

తూటా నెమ్మదిగా పోతే, అది గాలిని నెట్టిన కబురు చప్పుడు వేగంతో ముందుకు పోతుంది. ముందున్న గాలి తప్పుకోవటానికి వ్యవధి ఉంటుంది. తూటా చప్పుడును మించిపోతే కబురు చేరకముందే తూటా వచ్చి పడుతుంది! గాలికి తప్పుకునే వ్యవధి ఉండదు. అది ఒక్కసారిగా అదుముకుపోయి అల అవుతుంది. దీన్నే అఘాత తరంగం అంటారు. మనం అదురుఅల అందాం.

"అయితే తాతయ్యా, మెల్‌సెన్స్ చెప్పిన గాలిమూట అదేనా?" అన్నాడు బుజ్జి.

"మంచి ప్రశ్న. కాదు. పడవ ముందు పొంగే నీరు పడవతో కూడా వస్తుందా? రాదు. ఒకచోటి నీరు పొంగి తగ్గిపోతుంది, తరవాతి చోటి నీరు పొంగుతుంది. పొంగు మాత్రం పడవతో వస్తున్నట్టుంటుంది. తూటా ముందు ఉన్నదీ అంతే. ఎప్పటి గాలి అప్పటిదే, మూట ఏదీ లేదు. మరి అంత గాయానికి పేలే తూటా కూడా అక్కరలేదనీ, తూటా వేగమే చాలుననీ తరవాతి పరిశోధనల్లో తేలింది. వేగంగా దూరిన తూటా చుట్టూ ఉన్న కండను పక్కకు తోసేస్తుంది. నిందించుకున్న రెండు దేశాల మాటా రుజువు కాలేదు, గాలిమూట మాటా నిలవలేదు."

ఆ ఫోటోలో ఇంకో విచిత్రం ఉన్నది. తూటా వేగం పెరిగినకొద్దీ ఏటవాలు గీతలు దగ్గరికి ముడుచుకుంటాయి. చప్పుడుకు సరిగ్గా రెట్టింపు వేగంతో పోతే, ఆ గీతకూ తూటా దారికీ మధ్య కోణం 30 డిగ్రీలు. మీలో లెక్కలు వచ్చినవాళ్లు కాగితం మీద గీసి చూడండి. తూటా 2 అంగుళాలు పోయేసరికి చప్పుడు 1 అంగుళమే పోతుంది. కనక తూటా బయలుదేరిన చోటు కేంద్రంగా 1 అంగుళం వ్యాసార్ధంతో వృత్తం గియ్యండి. తూటా ఇప్పుడున్న చోటు నుంచి ఆ వృత్తాన్ని తాకుతూ పోయే గీత గియ్యండి. కోణమానినితో కొలవండి. గీతలను కొలిస్తే చాలు, ఒక్క ఫోటోను బట్టి తూటా వేగం తెలిసిపోతుంది!

ఒక వస్తువు వేగం చప్పుడు వేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్యకు మాక్ పేరు పెట్టాలని 1929లో స్విట్జర్లండుకు చెందిన ఆకెరెట్ సూచించాడు. చప్పుడుకు రెట్టింపు వేగమంటే మాక్ 2 అన్నమాట.

"ఇదంతా ఆ దేశాల్లోనేనా తాతయ్యా?" అన్నది చిట్టి.

ఎందుకూ! మన నెల్లూరు వైపు శ్రీహరికోటలో లేచే ప్రతి రాకెట్టూ చప్పుడును మించి పోయేదే. ఆ కేంద్రానికి 2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టారు. ఆయన యువకుడుగా ఉన్నప్పుడు ఈ అదురుఅలల మీదనే పరిశోధన చేశాడు. తరవాత బెంగుళూరు వచ్చి, చప్పుడును మించిన వేగంతో గాలి వీచే సొరంగాన్ని మన దేశంలో మొదటిసారి ఏర్పాటు చేశాడు. హైదరాబాదులో అబ్దుల్ కలాం పేరుగల క్షిపణి కేంద్రంలో 2020 డిసెంబరులో ఇంకా పెద్ద సొరంగం ఒకటి ప్రారంభమయింది. అందులో గాలి వచ్చే గొట్టం మూతి 1 మీటరు వెడల్పు. చప్పుడుకు 5 రెట్ల నుంచి 12 రెట్ల దాకా వేగాలను అందులో కల్పించవచ్చు.

"సొరంగం ఎందుకు? నిజంగా ఎగరేసి చూడొచ్చుగా?" అన్నాడు చంటి.

కాలవలో పాతిన గుంజను చూడండి. గుంజ కదలదు, నీరు కదులుతుంది. అయినా దాని చుట్టూ పడవకు వచ్చినట్టే అలలు వస్తాయి. సొరంగంలో క్షిపణి నమూనా ఆ గుంజ వంటిది. అది నిలబడే ఉంటుంది కనక, దాని చుట్టూ లేచే గీతలను తీరిగ్గా చూడవచ్చు. టోప్లర్ ఉపాయం ఇటువంటి సొరంగాల్లో ఇప్పటికీ పనికివస్తున్నది. అంతే కాదు, అమెరికాలో నాసా సంస్థవాళ్లు చప్పుడును మించి ఎగిరే రెండు విమానాల అదురుఅలలు ఒకదానితో ఒకటి కలుసుకోవటాన్ని ఆకాశంలోనే ఫోటో తీసి 2019లో ప్రకటించారు.

"మన ఊళ్లో ఈ అల లేదా?" అన్నది చిట్టి. ఉన్నది! బండివాడు చెర్నాకోల ఝళిపిస్తే ఛెళ్లుమంటుందే, అది తోలు ఎద్దుకు తగిలిన చప్పుడు కాదు. కొస గాలిలో చప్పుడు వేగాన్ని మించినప్పుడు పుట్టిన అదురుఅల. పిడుగు చప్పుడూ అటువంటిదే. మెరుపు దారిలోని గాలి విపరీతంగా వేడెక్కి ఒక్కసారి ఉబ్బుతుంది. బాంబు పేలినా అంతే.

ఈ మాటకు బుజ్జి లేచి నిలబడ్డాడు. "అయితే నా బాంబు అల అద్దాన్ని పగలగొట్టగలదుగా తాతయ్యా?"

"అలకు అద్దాలు పగలటం ఉన్నమాటేరా. 2013 ఫిబ్రవరిలో రష్యాలో చెల్యాబిన్స్క్ అనే ఊరి మీద ఆకాశంలో పెద్ద ఉల్క పేలింది. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు వచ్చింది. అదేమిటా అని జనం కిటికీల దగ్గరికి పరిగెత్తారు. రెండు నిమిషాలు దాటాక అదురుఅల వచ్చి ఊరంతా అద్దాలు పగలగొట్టింది. సుమారు 1500 మంది వైద్యం కోసం వెళ్లారు, ఎక్కువమందికి గాజుపెంకుల గాయాలే. ఒక బడిలో నాలుగో తరగతి టీచరు మాత్రం వెలుగు చూడగానే పిల్లలను బల్లల కింద దూరమన్నది. 44 మంది పిల్లల్లో ఒక్కరికి కూడా దెబ్బ తగలలేదు. కనక పెద్ద వెలుగు కనిపిస్తే కిటికీకి దూరంగా పోవాలి, తెలిసిందా?"

"అయితే నేను చెప్పిందే నిజం!" అన్నాడు బుజ్జి.

"తొందరపడకు. పగలగొట్టగలదు అన్నది వేరు, పగలగొట్టింది అన్నది వేరు. నువ్వు రాయి విసరగలవు. అంతమాత్రాన విసిరావని అనవచ్చా? అల సంగతీ అంతే. పొద్దున్న చూద్దాం. వెళ్లి పడుకోండి."

తెల్లవారగానే అందరం మాస్టారి ఇంటికి వెళ్లాం. కిటికీ లోపల, గాజుపెంకుల మధ్య, రాయి లేదు. కుర్చీ కింద మాత్రం కొబ్బరిచిప్ప ముక్క ఒకటి పడి ఉన్నది! దాని లోపలివైపు మందు మసి అంటి ఉన్నది. చిట్టి మా పెరట్లోకి పరిగెత్తి మిగతా ముక్కలు ఏరుకొచ్చింది. ముక్కలన్నీ అతికించి చూస్తే ఒక్కచోట ఖాళీ వచ్చింది. మాస్టారింట్లో దొరికిన ముక్క ఆ ఖాళీలో అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

రాయీ కాదు, చప్పుడూ కాదు! చంటి తల వంచుకుని, "చూడకుండా నీ మీద చెప్పాను బుజ్జీ," అన్నాడు. బుజ్జి ఆ చిప్పముక్క పట్టుకుని మాస్టారి ముందుకు వెళ్లి, "నేను రాయి విసరలేదండీ. కాని చిప్ప బోర్లించింది నేనే. అద్దం డబ్బులు నా పండగ డబ్బుల్లోంచి ఇస్తానండీ," అన్నాడు. మాస్టారు వాడి భుజం తట్టి, "డబ్బులు సగం చాలు. మిగతా సగం నిజం చెప్పినందుకు వదిలేశాను. ఆ ముక్క ఎవరి కంటికో తగిలి ఉంటే ఏ డబ్బులూ చాలవు, గుర్తుంచుకో," అన్నారు.

పిల్లలూ, గాలిని చూడాలని మీకూ ఉన్నదా? పెద్దవాళ్లు దగ్గర ఉండగా రాత్రిపూట గది చీకటి చేసి, తెల్లగోడకు ఒక గజం దూరంలో దీపం వెలిగించండి. ఇంకో రెండు గజాలు వెనక్కు వెళ్లి సెల్‌ఫోన్ లైటు వెయ్యండి. గోడ మీద దీపం నీడ పడుతుంది. ఆ నీడకు పైన ఏమున్నదో చూడండి. చూసి, కనిపించిన బొమ్మను గీసి మీ నోటుపుస్తకంలో దాచుకోండి.